పాలల్ల రెండు తీగెలు

"పాలల్ల తీగెలు పెట్టుమని నీకు ఎవరు చెప్పిన్రే?"

"ఎవ్వరు చెప్పలె నాయినమ్మా. నేనే పెట్టిన."

"రహీం భాయ్ చెప్పిండా? నిజం చెప్పు. నీకు డబ్బ ఇచ్చింది ఆయన, మన పాలు వాపస్ తెచ్చింది ఆయన. నడుమ నువ్వెవ్వతివి? ఆయన పెట్టిన జాసూసువా?"

"రహీం చాచాకు ఏం తెల్వది. క్యాన్ల పెట్టలె గదా, గిలాసల పోసుకొని చూస్తున్న, గంతే."

"గిలాసలయి పాలు గావా? నీళ్ళా?"

"అత్తమ్మా, పిల్ల మీదికి ఎందుకు పోతున్రు? మీ షక్ ఉన్నది నా మీద. అడిగేదేందో నన్నే అడుగుండ్రి."

"అడుగుత. నాకేం భయమా? నేను పిండినప్పుడు లేని ఉప్పు హోటల్‌కు చేరేసరికి ఎట్ల వచ్చింది? నడుమల క్యాను మోసింది ఎవరు?"

"మూతికి బట్ట కట్టింది మీరు. ముడి ఏసింది మీరు. ఆ ముడి ఈ ఇంట్ల ఇప్పటిదాంక ఎవరికన్న ఇప్పనీకె వచ్చిందా?"

"ముడి ఇప్పరాకపోతె బట్ట మీదికెళ్ళి పొయ్యరాదా?"

ఆ మాటకు పొయ్యి కాడ గంటె కింద పడ్డ చప్పుడైంది. "ఇగ అయిపోయింది. నా పేరు తేలేదాంక ఈ ఇంట్ల పాలగిన్నె ముట్ట. రేపు పొద్దుగాల గూడ పాలు వాపస్ వస్తె పిల్లను తీస్కొని చంపాపేటకు మా అమ్మగారింటికి పోత."

"పో. ఆటో నేను పిలువాల్నా?"

ఇది మా ఇంట్ల ఒక మాపటి లొల్లి. అరిచింది నేను. గిలాస ముంగట గొంతుకూర్చున్నది నా మనుమరాలు స్వప్న, అప్పుడు తొమ్మిదో తరగతి. గంటె ఇసిరేసింది నా కోడలు సుజాత. పెండ్లయి వచ్చినంక ఆమె నాకు ఎదురు చెప్పుడు అదే మొదలు. ఎదురు చెప్పిందని కాదు, సూటిగ నా కండ్లల్లకు చూసుకుంట చెప్పిందని నాకు ఇంకింత షక్ పెరిగింది. తప్పు చేసినోళ్ళు రెండు తీర్ల ఉంటరు. తల దించుకునేటోళ్ళు కొందరు, తల ఎక్కువ ఎత్తేటోళ్ళు కొందరు. ఈమె రెండో తీరేమో అనుకున్న.

పోయిన వారం సజ్జ మీది సామాను దించుతుంటె స్వప్న ఆటసామాను డబ్బ దొరికింది. అట్ట ఒక మూలకు ఎలుకలు కొరికినయి, లోపట ముక్కలు మాత్రం ఎక్కడియి అక్కడ ఉన్నయి. దుమ్ము తుడుసుకుంట కూర్చుంటె ఆ లొల్లి మొత్తం చెవుల్ల మళ్ళ మోగింది. అందుకె రాస్తున్న. నేను బడికి పోయింది రెండేండ్లే. అక్షరాలు వస్తయి, ఒత్తులు ఎక్కడ తప్పుతయో నాకే తెల్వది. చదివేటోళ్ళు సర్దుకోవాలె.

అప్పుడు మా ఇల్లు చాంద్రాయణగుట్ట చౌరస్తా వెనుక గల్లీల. ఇల్లు ఇప్పుడూ అదే గాని, గల్లీ అదే అని చెప్పలేను. వాకిట్ల ఒక దిక్కు రేకుల కొట్టం, కొట్టంల మూడు బర్లు. గంగి, చుక్కది పాలిస్తుండె, మూడోది సూడితోటి ఉండె. చుక్కదాని నొసట తెల్లమచ్చ ఉంటది. పాలు ఎక్కువ ఇచ్చేది అదే, నఖరాలు ఎక్కువ చేసేదీ అదే. తవుడు, పత్తిచెక్క ఉస్మాన్‌గంజ్ నుంచి నేనే తెస్తుంటి. బస్తాల చెయ్యి అడుగుదాంక పెట్టి చూడకుంట ఏ సేటు మాట నేను నమ్మలె. పైన మంచిది, కింద బూజుపట్టింది పెట్టుడు వాళ్ళకు అలవాటు. పొద్దు పొడవకముందే లేసి పెండ తీసుడు, కుడితి పెట్టుడు, దూడను ఇడిసి మళ్ళ కట్టేసుడు, పిండుడు. దోమలకు కొట్టంల వేపాకు పొగ పెడితె ఆ పొగ, పెండ వాసన, వేడి పాల వాసన కలిసి ఇల్లంత ఒక్కటే వాసన ఉంటుండె. చుట్టాలు వస్తె ముక్కు మూసుకునేటోళ్ళు. మాకు ఆ వాసన లేనినాడు ఏందో పోయినట్టు అనిపిస్తుండె.

చౌరస్తా కాడ రహీం భాయ్ చాయ్ హోటల్‌కు రెండు పూటల పాలు మావే. వచ్చే పాలల్ల సగానికంటె ఎక్కువ ఆ ఒక్క హోటల్‌కే పోతుండె. హోటల్ పోతె బర్లు పోయినట్టే. నా కొడుకు యాదగిరి ఒక ఆఫీసుల డ్రైవరు, వానికి బర్ల మీద ఎన్నడు మనసు లేదు. "కొట్టం తీసేసి రెండు మడిగెలు కడితె కిరాయిలు వస్తయి గదనే అమ్మా" అని సందు దొరికినప్పుడల్ల అంటుండె. అందుకె ఆ లొల్లి అయిననాడే మధ్యాన్నం రహీం భాయ్ పొద్దుటి పాలు క్యానుతోటే వాపస్ పట్టుకొని వాకిట్లకు వస్తె, నేను చేతుల ఉన్న కుడితి బకీటు అక్కడనే దించి ఎదురు పోయిన. ఆయన ఎన్నడు ఇంటికి రాడు.

"అమ్మా, బురా మత్ మానో, తప్పనుకోకు" అన్నడు. "పాలు విరుగుతున్నయి. చాయ్ ఉప్పగ ఉందని గిరాకీ సగం తాగి పెట్టి పోతున్రు. కొద్దిరోజులకెళ్ళి చూస్తున్న, చెప్పబుద్ధి కాలె. రేపు పొద్దుగాల గూడ గిట్లనే వస్తె నేను పాకిట్ పాలు మాట్లాడుకుంట. మీ మామగారి జమాన నుంచి ఉన్నోణ్ణి, నా నోటికెళ్ళి ఈ మాట వస్తదనుకోలె."

పాలోళ్ళ ఇంట్ల ఉప్పు అనే మాట తిట్టుకంటె ఎక్కువ. పాలల్ల నీళ్ళు కలిపితె పలుచగైతయి, గాజుగొట్టం మీటరు ముంచితె దొరికిపోతరు. దొరకకుంట ఉండనీకె దొంగలు ఇంత ఉప్పు ఏస్తరు, మీటరు మళ్ళ పైకి తేలుతది. ఉప్పగున్నయి అంటె నీళ్ళు కలిపినవు, పైకెళ్ళి దాచినవు అన్నట్టు. నేను కలుపలె. పిండేది నేను, బట్ట కట్టేది నేను. మోసేది సుజాత. యాదగిరి మడిగెల మాట, సుజాత మోసే క్యాను, ఈ రెండింటిని నేను మనసుల పక్కపక్కకు పెట్టిన. పెట్టినంక పొద్దుగూకేదాంక ఇంకో ఆలోచన లేదు.

నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పుడు నాకు పిండుడు రాదు. మా అవ్వగారింట్ల మేకలే ఉండె. మా అత్త నేర్పింది. ఆమె చెప్పినయి చానా ఉన్నయి. దీపం పెట్టినంక తోడు ఎవరికీ ఇయ్యొద్దు, ఎన్ని బర్లున్నయని అడిగితె లెక్క చెప్పొద్దు, గిట్లాంటివి. అన్నిటికంటె పెద్దయి రెండు. ప్రతి సన్నుకు మొదటి ధార నేలకు ఇడువాలె, అది భూమితల్లిది, గిన్నెల పడొద్దు. ఇంకోటి, అమ్మే పాల మీద నాలిక పెట్టొద్దు, ఎంగిలి పాలు అమ్మితె కొట్టం ఉండదు. కొత్తల ఒకనాడు పొద్దుగూకుతుంటె నురుగు మస్తు తెల్లగ కనవడి ఏలు ముంచి నోట్ల పెట్టుకున్న. మా అత్త చేతుల దూడ పలుపు ఉండె. దాంతోటే మణికట్టు మీద ఒక్కటి ఏసింది. ఏడ్వనీకె కూడ భయమైంది. ఆనాటికెళ్ళి పచ్చిపాలు ఎట్లుంటయో నా నాలికకు తెల్వది. నా కోడలుకూ నేనే చెప్పిన, మనుమరాలుకూ నేనే చెప్పిన. మా ఇంట్ల పాలు తాగుడు అంటె కాచి, చక్కెర ఏసి, చాయ్‌లనే.

ఆ డబ్బ సంగతి. రహీం భాయ్ తమ్ముడు షార్జా నుంచి పిల్లలకు తెచ్చిండు. పిల్లలు రెండురోజులు ఆడి మూలకు పడేసిన్రు. స్వప్న బడి నుంచి వచ్చుకుంట హోటల్ మెట్ల మీద నిలవడి దాన్నే చూస్తుంటదని రహీం భాయ్ ఆమె చేతుల పెట్టిండు. ఇంటికి తెచ్చిననాడు నేను డబ్బ ముట్టనియ్యలె. ఊకెనే ఎవ్వడు ఏదీ ఇయ్యడు. డబ్బ మీద ఒక తెల్లపిల్లగాడు పండ్లన్ని కనవడేటట్టు నవ్వుకుంట ఉన్నడు. అంత నవ్వు దేనికో నాకు సమజ్ కాలె. తెరిసి చూస్తె రంగురంగుల ప్లాస్టిక్ పట్టీలు, ఒక్కొక్క దానికి రెండు కొసలకు టిచ్ బటన్లు. జాకిట్లకు కుట్టనీకె పత్తర్‌గట్టిల కొంటము గదా, అచ్చం అట్లాంటియే. ఒకదాని మీద ఒకటి పెట్టి బొటనేలుతోటి ఒత్తితె టిచ్ అని పడ్తది. ఒక ముక్కకు పెద్ద బుగ్గ, ఒక ముక్కకు చిన్న ఎర్రదీపం, ఒక ముక్కకు మోగే చక్రం, ఒక ముక్కల బ్యాటరీలు. అన్ని కలిపితె కరెంటు ఒక చుట్టు తిరిగి వస్తది, బుగ్గ వెలుగుతది.

"కరెంటు అంటున్నవు. మరి కొట్టదా?" అని అడిగిన.

"కొట్టది. బ్యాటరీది జర్రంతే ఉంటది."

"గోడల ఉన్నదీ కరెంటే, గిదీ కరెంటే. అది కొడ్తది, గిది కొట్టదా? ఎవరు చెప్పిన్రు?"

"ఏలు పెట్టి చూపెట్టాల్నా?"

"వద్దు. ముందుగాల నువ్వు పక్కకు జరుగు."

నేనే పెట్టిన. కొట్టలె. అయినా నా మనసు కుదుటపడలె. పిల్ల నీళ్ళు తాగనీకె పోయినప్పుడు ఎర్రదీపం ముక్కను పీకి తిప్పి పెట్టిన, ఏం చేస్తదో చూద్దామని. వచ్చి ఒత్తితె వెలుగలె. పరేషాన్ కాలె, ఒక్కొక్క ముక్క మీద ఏలు పెట్టుకుంట పోయి దాని కాడ ఆగింది. "నాయినమ్మా, దీన్ని తిప్పిందెవరు? ఇది ఒక్క దిక్కుకే కరెంటును పోనిస్తది. పెద్ద బుగ్గయితె ఎట్ల పెట్టినా వెలుగుతది." పెద్ద బుగ్గను గూడ తిప్పిన. వెలిగింది. రెండురోజులు ఆగి అదే సంగతి మళ్ళ అడిగిన, ఏం ఎరుగనట్టు. అబద్ధం చెప్పేటోళ్ళు రెండోసారి మాట మారుస్తరు. పిల్ల మార్చలె, డబ్బా మార్చలె. గిట్ల నేను నేర్చుకుందామని ఎన్నడు కూర్చోలె, పట్టుకుందామనే కూర్చున్న. పట్టుకుందామని కూర్చునుకుంటనే బ్యాటరీ ఏ దిక్కు పెట్టాలె, చుట్టు ఎక్కడ తెగింది, కరెంటును అడ్డుకొని తక్కువ పంపే ముక్క పెడితె బుగ్గ ఎట్ల మసకైతది, ఇయన్ని నా చేతికి వచ్చినయి. సుజాత బియ్యం ఏరుకుంట మమ్ముల చూసి మూతి తిప్పుతుండె.

డబ్బల ఒక మొద్దు నల్లముక్క ఉండె. మిగిలిన వాటికి రెండేసి గుండీలు, దీనికి చుట్టూత ఉండె. "దీనికి మనం చెప్పింది యాదికుంటది" అన్నది స్వప్న. కంప్యూటర్ల రాసి ఒక తాడుతోటి దీని లోపటికి పంపాలెనంట. కంప్యూటరు మా పై వాటాల కిరాయికి ఉండే మూర్తిగారింట్ల ఉన్నది. వాళ్ళది కోస్తా దిక్కు, గవర్నమెంటు ఆఫీసుల పని. "పిన్నిగారూ, సాయంత్రం పూట మా కంప్యూటరు ఖాళీగానే ఉంటుందండీ, పిల్లని వచ్చి చేసుకోమనండి" అన్నడు. ఇంత మర్యాద దేనికో అని నేను గూడ మెట్లెక్కి పోయి గడప కాడ పీట ఏసుకొని కూర్చున్న. బర్రె ఈనినప్పుడు జున్నుపాలు జర ఎక్కువ పంపమన్నడు. హమ్మయ్య, ఇదా సంగతి అని అప్పుడు నాకు భరోసా వచ్చింది.

కంప్యూటర్ల ఇంగ్లీషు అక్షరాలు వరుసగ పడుతున్నయి. "ఒక్కొక్క వరుసకు అర్థం చెప్పు" అన్న. "ఇది, దీపం పెట్టు. ఇది, జర ఆగు. ఇది, ఆర్పు. ఇది, జర ఆగు. ఇది, మళ్ళ మొదటికి పో."

"గంతేనా? నా పెండ్లయిన కొత్తల మా అత్త నాకు గిదే చెప్పింది. పిండు, పొయ్యి, కడుగు, మళ్ళ మొదటికి పో."

మూర్తిగారు లోపటి అర్రల నవ్విండు. నేను నవ్వలె. తాడు పీకినంక గూడ దీపం పెడుతనే ఉంది, ఆర్పుతనే ఉంది. ఎక్కడనో ఇంకో తాడు దాచిందనుకొని మొత్తం తిప్పి చూసిన. బ్యాటరీలు తీసి నా బొడ్లె చెక్కుకొని, తెల్లారి నేనే పెట్టిన. ముక్క ఏం జరగనట్టు మళ్ళ అదే పని మొదలువెట్టింది. ఒకసారి దీపం ఆరనే ఆరలె. "నీ ముక్క మర్చిపోయింది" అన్న. స్వప్న కాగితం తీసి చూసుకొని తల కొట్టుకుంది. "అది మర్చిపోలె నాయినమ్మా. ఆగు అనే వరుస నేనే రాయలె. చెప్పింది చెప్పినట్టే చేస్తది, ఎందుకని అడుగది." అట్లాంటి మనిషి ఇంట్ల ఉంటె ఎంత సుఖమో అనుకున్న. ఎంత ముప్పో అప్పుడు తట్టలె.

ఆనెంక బడిల ఏదో చూపెట్టాలెనని రెండు తీగెలు నీళ్ళల్ల ముంచి కూత పెట్టే పని ముక్కకు నేర్పింది. నీళ్ళల్ల ఉప్పు తక్కువుంటె కరెంటు తక్కువ పోతది, చక్రం లావుగ కూస్తది. ఉప్పు ఎక్కువుంటె సన్నగ కూస్తది. నల్లా నీళ్ళు లావుగ, మా బోరు నీళ్ళు సన్నగ కూసినయి. నేను ఆ బోరు నీళ్ళే పొయ్యి మీద వేడి చేసి తెచ్చిన. ఇంకా సన్నగ కూసింది. "ఏందే, వేడి చేస్తె ఉప్పు పెరిగిందా? నీ యంత్రం అబద్ధాలాడుతుంది" అన్న. పిల్ల గోరు కొరుక్కుంట కూర్చుంది. తెల్లారి బడిల అడిగి వచ్చి, వేడికి గూడ కరెంటు జల్ది పోతది, పక్కపక్కకు పెట్టి చూస్తె రెండూ ఒక్కతీరు వేడి ఉండాలె అని చెప్పింది. తప్పు నేను పట్టిననని ఆనాడు నాకు రెండు ముద్దలు ఎక్కువ పోయినయి.

ఇప్పుడు కొట్టం లేదు. యాదగిరి కోరిన మడిగెలే వచ్చినయి, ఒకదాంట్ల సెల్‌ఫోన్లు బాగుచేస్తరు, ఒకటి ఖాళీ. బస్తీల బర్లు ఉండొద్దన్నరు, గడ్డి బండి గల్లీలకు రానియ్యొద్దన్నరు, ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కటి అమ్ముకున్నది. పైన ఫ్లైఓవరు పోతది, కింద మేము ఉంటము. పొద్దుగాల గడపల పాకిట్ పడి ఉంటది. ఎన్ని బర్లయో, ఎవరి బర్లయో, ఎన్నడు పిండిన్రో దాన్నడిగితె చెప్పదు. మీద అచ్చుకొట్టింది ఉందిగదా అంటరు. అచ్చు కొట్టినోణ్ణి నేను చూడలె. అప్పుడు పాలు పలుచగైతె అరవనీకె ఒక మొకం ఉండె, ఆ మొకం మనదే అయినా సరే. ఇప్పుడు ఎవరిమీద అరుస్తం? స్వప్న చర్లపల్లి దిక్కు ఒక కంపెనీల పని చేస్తది, కరెంటు మీటర్ల లోపటి ఆకుపచ్చ పలకలు పనిచేస్తున్నయా లేదా చూసుడు ఆమె పని. మంచిదాన్ని గూడ మొదలు చెడ్డదనుకొనే చూడాలెనంట. ఆ పనికి జీతం గూడ ఇస్తరంట. నేను జీవితమంత ఊకెనే చేసిన.

ఆ మాపటి లొల్లి కాడికే వస్త. నేను స్వప్న ముంగట కూర్చొని "తీగెలు ముంచు, నా ముంగట కూయించు" అన్న. పిల్ల ముంచది. నాకు అప్పుడు అర్థమైంది. ఈమె ముందే చూసింది. తల్లి ఉప్పు కలుపలేదని నాకు చూపెట్టాలెనని గిలాసల పాలు పోసుకుంది, నేను వచ్చేలోపలనే కూత వింది, విన్నంక భయపడ్డది. గుంజుకొని నేనే తీగెలు ముంచిన. చక్రం సన్నగ కూసింది. బోరు నీళ్ళ తీరే.

స్వప్న తల్లి దిక్కు చూడలె. సుజాత పిల్లనే చూస్తుండె. "నువ్వు గూడనా బిడ్డా?" అన్నది, అంతే. నేనన్న మాటలకు ఎదురు తిరిగిన మనిషి, పిల్ల చూడకపోతె మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను గెలిసినట్టే గదా. గెలిసినప్పుడు సంతోషం రావాలె, రాలె. కూతలు చెవుల్ల పెట్టుకొనే ఆలోచన చేసిన. తవుడు బస్తాల చెయ్యి అడుగుదాంక పెట్టినదాన్ని, ఒక్క కూత విని నమ్మాల్నా?

"స్వప్నా, మంచిపాలు ఎట్ల కూస్తయే?"

"తెల్వది. ఎన్నడు చూడలె."

"మంచియి ఎట్ల కూస్తయో తెల్వకుంట చెడ్డయి అని ఎట్ల చెప్పినవు? పాలకు వాటి ఉప్పు వాటికి ఉండదా? నీళ్ళ కూత పాలకు ఎట్ల పడ్తది?"

పిల్ల తల ఎత్తింది. "అయితె పిండంగనే చూడాలె. ఎవ్వరు ముట్టకముందు. అన్ని ఒక్కతీరు వేడి ఉన్నప్పుడు. చుక్కదానియి వేరే, గంగియి వేరే." ఆనెంక "ఒక్కొక్క సన్నుయి వేరే" అన్నది.

గిలాసల పాలు పిల్లికి పోసిన. తాగి మూతి నాక్కుంట పోయింది. సుజాత అన్నం పెట్టింది గాని, ఎవ్వరికి ఎంత కావాలెనని అడుగలె. సంచిల పిల్ల బట్టలు సర్దుతుంటె చూసి చూడనట్టున్న. యాదగిరి వచ్చి ఏమైందని అడిగితె, "రేపు చెప్త" అన్న.

తెల్లారి ఇంట్ల ఉన్న గాజు గిలాసలన్ని కడిగి, తుడిసి, గడ్డి మీద వరుసగ పెట్టిన. స్వప్న డబ్బ తెచ్చి పీట మీద పెట్టింది. సుజాతను గూడ పిలిసిన. "ముట్టకు. దూరం నిలవడి చూడు" అన్న. ఆమె వాకిట్ల తులసి కాడ నిలవడ్డది. ముందు గంగిని పట్టిన. సన్ను చేతికి వచ్చింది, చెయ్యి అలవాటుకు నేల దిక్కు వంగింది. స్వప్న "మొదటిదే కావాలె నాయినమ్మా, నేలకు ఇడువకు" అన్నది. దూడ పలుపు గోడకు ఎక్కడ ఏలాడుతుందో నాకు చూడకుంటనే ఎర్క. ఇన్నేండ్ల నుంచి మొదటి ధార నేను చూడనే లేదు, మట్టిలకే పోయింది. గిలాస అడ్డం పెట్టిన.

గంగియి ఒక్కొక్కటి కూసినయి. అన్ని ఒక్కతీరు, లావుగ. ఆనెంక చుక్కది. ముందటి రెండు గంగి తీరే. ఎనుక ఎడమ సన్ను పట్టంగనే అది కాలు లేపింది. రోజు చేసే నఖరా అనుకొని ఎన్నడు పట్టించుకోలె. ఆ గిలాసల తీగెలు ముంచితె చక్రం సన్నగ, చెవి పోయేటట్టు కూసింది. ఎనుక కుడిది జర తక్కువ. స్వప్న నన్ను చూసింది. నేను "అటు తిరుగు" అని, ఆమె తిరిగినంక గిలాసల జాగ మార్చి, మళ్ళ ముంచుమన్న. కూత గిలాస ఎంట పోయింది, జాగ ఎంట పోలె. ఇంకోసారి మార్చిన. అదే.

గిలాస కండ్ల దగ్గరకు తెచ్చి చూస్తె పాలు పాలలాగనే ఉన్నయి. తెలుపే. గిలాస తీసుకపోయి సుజాతకు చాపిన. "నాలిక పెట్టి చూడు."

"నేను పెట్ట. ఆనెంక నా నోట్లనే ఉప్పుందంటరు. మీరే పెట్టుండ్రి."

నేనే పెట్టిన. "ఉప్పగున్నయి" అన్న. గల్లీల నల్లా కాడ బిందెలు పెట్టుకున్న ఆడోళ్ళు తల తిప్పేటంత గట్టిగనే అన్న. "బర్రెయే ఉప్పగున్నయి. చుక్కదాని పొదుగుకు రోగమొచ్చి చెడ్డది."

యాదగిరి చుక్కదాన్ని పశువుల దవాఖానకు నడిపించుకపోయిండు. గంగి పాలు మాత్రం క్యాన్ల పోసిన. రోజుకంటె చానా తక్కువున్నయి. మూత బట్ట నా భుజం మీదనే ఉండె. సుజాత వచ్చి భుజం మీదికెళ్ళి బట్ట గుంజుకొని, మూతికి తనే కట్టి, తన ముడే ఏసింది. నేను ముడి పట్టి చూడలె. ఆమె క్యాను ఎత్తుకొని హోటల్‌కు పోయింది, పిల్ల డబ్బ సంకల పెట్టుకొని ఎనుకనే పోయింది.